మాట మార్చుకొను యంత్రము

హైదరాబాదు నగరమునకు తూర్పు కొనయందు లాల్ బహదూర్ నగర్ కలదు. జనులు దీనిని ఎల్‌బీ నగర్ అందురు. విజయవాడ నుండి వచ్చు రహదారి ఇచట నగరములో ప్రవేశించి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా లోనికి పోవును. కొత్తపేట చెంతనున్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు చాలకాలము ఈ ప్రాంతమునకు కొండగుర్తుగా నుండెను. వేసవిలో మామిడికాయల లారీ ఒకటి ఎల్‌బీ నగర్ కూడలి దాటినచో, అది ఎచటికి పోవుచున్నదని ఎవరిని అడుగవలసిన పని లేకుండెను. “మామిడి లారీ గదా, మార్కెట్టుకే” అని రోడ్డు ప్రక్కన టీ అమ్మువాడు సైతము చెప్పగలిగెడివాడు. ప్రతి లారీ విషయమున ఆ మాట నిజము కాకపోవచ్చును. దారిలో చెడిపోయిన లారీ ఉండును; పెండ్లివారింటికి పోవు లారీ ఉండును. అయినను మనుష్యుని దినచర్య ఇటువంటి మాటల మీదనే నడచును.

2021–22లో ఆ మార్కెట్టును అదే రహదారిపై ఊరికి వెలుపలనున్న బాటసింగారమునకు తరలించిరి. విజయవాడ వైపునుండి మార్కెట్టుకు వచ్చు మామిడి లారీకి ఎల్‌బీ నగర్ చేరవలసిన పని తప్పిపోయెను. టీ అమ్మువాడును తన మాట మార్చుకొనెను. అందులకై అతడు లారీలను గూర్చియు, మామిడిని గూర్చియు తా నెరిగినదంతయు విడిచిపెట్టలేదు. ఒక్క నిర్ణయమును వెనుకకు తీసికొని, తక్కిన వానిని ఉన్నచోటనే ఉంచెను.

మనుష్యునకు ఇంత సులభమైన పని యంత్రమునకు మిక్కిలి కష్టమైనది. ఏ మాటను వెనుకకు తీసికొనవలెను, దేనిని నిలుపుకొనవలెను, ఆ తీసికొనుటకు నియమ మేమి అను ప్రశ్నలకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు అరువది సంవత్సరములకు పైగా సమాధానము వెదకుచున్నారు. ఆ చరిత్రలో తెలుగువారికిని కొంత పాలు కలదు.

రేఖాగణితపు మార్గము

పాఠశాలలో నేర్చిన రేఖాగణితమును జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ కష్ట మెచట ఉన్నదో తెలియును. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములని యూక్లిడ్ స్వీకృతముల నుండి ఒకసారి నిరూపించిన తరువాత, వానికి ఎన్ని క్రొత్త సంగతులు చేర్చినను ఆ సిద్ధాంతము చెక్కుచెదరదు. తెలిసిన సంగతులు పెరిగినకొలది సిద్ధాంతములు పెరుగునే గాని తరుగవు. గణితములో ఎల్లప్పుడు పెరుగుచునే పోవు ఫలనమును ఏకదిష్ట ఫలన మందురు. అదే పోలికచే ఈ తర్కమునకు ఏకదిష్ట తర్కమని పేరు పెట్టవచ్చును.

మామిడి లారీ తర్కము ఇట్టిది కాదు. “మార్కెట్టు తరలిపోయినది” అను ఒక్క క్రొత్త సంగతి చేరగానే పాత నిర్ణయ మొకటి తొలగిపోయినది. తెలిసినది పెరిగినది, నిర్ణయములు తరిగినవి. ఇట్టి దానిని ఏకదిష్టేతర తర్క మందుము.

అపవాదము లన్నిటిని నియమములోనే చేర్చి వ్రాసినచో సరిపోదా అని ఎవరైన అడుగవచ్చును. “మామిడి లారీ మార్కెట్టుకు పోవును, మార్కెట్టు తరలిపోకున్నచో, టైరు పగులకున్నచో, సమ్మె లేకున్నచో, వంతెన కూలకున్నచో...” అని వ్రాయబూనినచో ఆ జాబితాకు అంతుండదు. అంతే కాదు, అట్టి నియమమును వాడుటకు ముందు టైరు పగులలేదనియు, వంతెన కూలలేదనియు వేర్వేరుగా నిరూపించుకొనవలెను. అంతవరకు ఆగువానికి లారీ కనబడదు, దుమ్మే కనబడును.

అన్నంభట్టు తర్కసంగ్రహము

హేతువు చూపి చేసిన నిర్ణయము ఎట్లు భంగపడునో మన దేశపు నైయాయికులు బహుకాలము క్రిందటనే పరిశీలించిరి. 17వ శతాబ్దమునకు చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు న్యాయ, వైశేషిక శాస్త్రములను బాలురకు బోధపడునట్లు తర్కసంగ్రహమను చిన్న గ్రంథముగా కూర్చి, దానికి దీపిక అను వ్యాఖ్యను కూడ తానే వ్రాసెను. కాశికి పోయినంతమాత్రాన ప్రతివాడును అన్నంభట్టు కాడని పండితులలో ఒక సామెతయే పుట్టినది. సంస్కృత తర్కము నేర్చువారు నేటికిని ఈ గ్రంథముతోనే ప్రారంభించుట వాడుక.

అన్నంభట్టు హేత్వాభాసములను, అనగా హేతువువలె కనబడి హేతువు కాని వానిని, ఐదింటిని చెప్పెను. అందు మూడు ఇచట ముఖ్యములు. మొదటిది సత్ప్రతిపక్షము. శబ్దము చెవికి వినబడునది గనుక నిత్యమని ఒకడనును. అది పుట్టించబడినది గనుక కుండవలె అనిత్యమని మరియొకడనును. సమానబలముగల ఎదురు హేతువు నిలిచియున్నంతవరకు మొదటి నిర్ణయము సాగదు. రెండవది బాధితము. అగ్ని ద్రవ్యము గనుక నీటివలె చల్లనిదని వాదించినచో, తాకి చూచిన వేలే ఆ నిర్ణయమును రద్దుచేయును. మూడవది ఉపాధి గల హేతువు. ఇది అసిద్ధములలో ఒక తెగ. పొగ ఉన్నచోట నిప్పుండుననుట సరియే. కాని నిప్పున్నచోట పొగ ఉండుననుట తడి కట్టె అను ఉపాధి ఉన్నప్పుడే సరి. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు గాని పొగ లేదు.

దీనినే నేటి ఏకదిష్టేతర తర్కమనుట అతిశయోక్తి యగును. నైయాయికుడు వెదకినది ఎన్నడును తప్పని వ్యాప్తి. తప్పునని తెలిసియు వాడుకొనదగిన నియమమును అతడు కోరలేదు. కాని నిర్ణయమును ఎదురు హేతువుచే ఆపుట, బలవత్తర ప్రమాణముచే రద్దుచేయుట, దాగియున్న షరతును బయటపెట్టుట అను మూడును వేర్వేరు పనులని అతడు విడదీసెను. నేటి శాస్త్రజ్ఞులు కూడ ఈ విభజనను చేయకతప్పలేదు. ఇక వ్యాకరణ శాస్త్రములోని ఉత్సర్గము, అపవాదము అను జంట మరియొక సూత్రమును నేర్పినది: సామాన్య నియమము, విశేష నియమము ఎదురుపడినచో విశేషమే నెగ్గవలెను. తెలుగు సంధులు నేర్చిన ప్రతి బాలునకును ఇది అనుభవములోనిదే.

మెకార్తి, రాజ్ రెడ్డి

కంప్యూటరుల కాలములో ఈ సమస్యను మొదట గట్టిగా ముందుకు తెచ్చినవాడు అమెరికా దేశపు జాన్ మెకార్తి. కృత్రిమ మేధ అను శాస్త్రమునకు ఇంగ్లీషులో నేడున్న పేరు పెట్టినవాడును ఆయనయే. 1958లో ఇంగ్లండులో జరిగిన ఒక సభలో ఆయన లోకజ్ఞానముగల ప్రోగ్రాములు వ్రాయవలెనని ప్రతిపాదించెను. తెలిసిన సంగతులను తర్కవాక్యములుగా యంత్రమునకు అందించి, చేయవలసిన పనిని అదియే ఊహించి తెలిసికొనునట్లు చేయవలెనని ఆయన తలంపు. 1969లో పాట్రిక్ హేస్‌తో కలిసి వ్రాసిన వ్యాసములో ఒక పెద్ద చిక్కు బయటపడెను. లారీ కదలినప్పుడు లారీ ఉన్నచోటు మారును; కాని దాని రంగు, అందలి పండ్ల సంఖ్య, మార్కెట్టు ద్వారము మారవు. మారని వానినన్నిటిని వాక్యములుగా వ్రాయవలసివచ్చినచో యంత్రమునకు ఆ వ్రాతతోనే కాలము చెల్లును. “మారినదని తెలియనంతవరకు మారలేదనుకొనుము” అను ఒక్క సామాన్య నియమము కావలసివచ్చెను. అదియే ఏకదిష్టేతర నియమము.

స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తి చెంత పరిశోధన చేసిన శిష్యులలో ఒక తెలుగువాడు కలడు. ఆయన దబ్బల రాజగోపాల రెడ్డి. లోకము ఆయనను రాజ్ రెడ్డి యని ఎరుగును. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో డాక్టరేటు పొందెను. మాటలను యంత్రముచే గుర్తింపజేయుట ఆయన పరిశోధన. తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన బృందము 1970 దశాబ్దిలో హియర్సే యను ప్రోగ్రాములను నిర్మించెను. 1994లో కంప్యూటరు శాస్త్రమునకు అత్యున్నతమగు ట్యూరింగ్ బహుమానమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయన పొందెను.

మాటలను వినుట యందు తొందరపడి నిశ్చయించుకొనిన యంత్రము చెడిపోవును. తెలుగులో ఒక ఉదాహరణము చూడుడు. రణగొణధ్వనిలో ఎవరో “బాలు త్రాగినాడు” అన్నట్లు వినబడినది. ధ్వనిని మాత్రమే చూచువాడు “బాలు” అని వ్రాసికొనును. వాక్యమును చూచువాడు అది “పాలు” కావచ్చు ననును. హియర్సే రెండవ కూర్పులో నల్లబల్లవంటి ఒక ఉమ్మడి స్థలము కలదు. ధ్వనులను, మాటలను, వాక్యములను ఎరిగిన వేర్వేరు భాగములు తమ తమ ఊహలను దానిపై వ్రాయును. ఒకదాని ఊహను మరియొకటి బలపరచును, లేక వెనుకకు నెట్టును. ఈ ప్రోగ్రాము ఇంగ్లీషులో సుమారు వేయి మాటలను గుర్తించునట్లు తయారైనది. ఇది తర్కశాస్త్ర సూత్రములపై కట్టినది కాదు. ఊహలకు విలువలు వేసి తూచునది. అయినను యంత్రపు నమ్మకము రాతిపై చెక్కినదిగా గాక నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాసినదిగా ఉండవలెనను భావము ఇందు స్పష్టముగా కనబడును.

తర్కమునకు క్రొత్త సూత్రములు

సుద్దతో వ్రాసిన దానిని ఎప్పుడు తుడువవలెను? ఈ ప్రశ్నకు 1979లో జాన్ డోయిల్ ఒక చక్కని ఏర్పాటును చూపెను. యంత్రము ప్రతి నమ్మకమునకు ప్రక్కన దాని కారణమును కూడ వ్రాసి ఉంచుకొనవలెను. ఆ కారణములో రెండు జాబితా లుండును: నమ్మవలసిన సంగతులు ఒకటి, నమ్మకుండవలసిన సంగతులు మరియొకటి. “లారీ మార్కెట్టుకు పోవును” అను దానికి మొదటి జాబితాలో “మామిడి లారీ” అనియు, రెండవ జాబితాలో “మార్కెట్టు తరలినది” అనియు ఉండుననుకొందము. రెండవ జాబితాలోని సంగతి తెలియవచ్చిన క్షణముననే నమ్మకము తొలగును; దానిపై ఆధారపడిన నమ్మకములును వరుసగా తొలగును. తక్కినవి నిలుచును.

1980లో కృత్రిమ మేధ పరిశోధనా పత్రిక ఒక సంచికను ఈ తర్కమునకే కేటాయించెను. అందు మెకార్తి, రేమండ్ రైటర్, డ్రూ మెక్‌డెర్మట్, డోయిల్ వేర్వేరు పద్ధతులను ప్రకటించిరి. రైటర్ నియమము మిక్కిలి సరళమైనది: మామిడి లారీ ఐనచో, మార్కెట్టుకు పోదనుటకు ఆధారము లేనంతవరకు, పోవుననుకొనుము. కాని ఇట్టి నియమములు రెండు ఎదురుపడినప్పుడు దేనిని ముందు వాడవలెనో తేలకపోవుటచే ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు వచ్చుచుండెను. 1986–87లో స్టీవ్ హాంక్స్, మెక్‌డెర్మట్ ఒక చిన్న కథతో ఈ లోపమును బయటపెట్టిరి. తుపాకిని నింపి, కొంచెము సేపు ఆగి, పేల్చినచో ఏమగును? గురి తగులునని పసివాడును చెప్పును. నాటి తర్కములు మాత్రము, ఆగియున్న కాలములో తుపాకి తనంతట తానే ఖాళీ అయియుండవచ్చునను మరియొక సమాధానమునుగూడ సమానముగా ఒప్పుకొనెను.

షరతులను పొరలుగా పేర్చుట

దీనికి ఒక విరుగుడు షరతు వాక్యములనే మూలముగా తీసికొనుట. “అ ఐనచో సాధారణముగా ఆ” అను వాక్యమునకు అర్థమేమి? అ జరుగని లోకమును గూర్చి ఇది ఏమియు చెప్పదు. అ జరిగిన లోకములలో ఆ కూడ జరిగిన లోకము ఎక్కువ సహజమైనదని మాత్రము చెప్పును. 1975లో ఎర్నెస్ట్ ఆడమ్స్ సంభావ్యత ద్వారమున, 1988లో జర్మనీ తాత్త్వికుడు వోల్ఫ్‌గాంగ్ స్పోన్ ఆశ్చర్యపు కొలతల ద్వారమున ఈ భావమును గణితముగా మార్చిరి. 1990లో క్రౌస్, లేమన్, మగిడోర్ అనువారు ఇట్టి తర్కము పాటింపవలసిన కనీస నియమములను ఏర్పరచిరి. అదే సంవత్సరము జూడియా పెర్ల్ లెక్కవేయుటకు వీలైన పద్ధతిని, దానికి ‘జెడ్’ అను పేరుతో, ప్రకటించెను. దానిని కాగితముపై ఎవరైనను చేసి చూడవచ్చును.

నాలుగు వాక్యములు తీసికొందము. ఒకటి: మామిడి లారీ మార్కెట్టుకు పోవును. రెండు: మామిడి లారీలో వరిగడ్డి పరచి ఉండును. మూడు: ఎగుమతిదారుని లారీ మామిడి లారీయే. నాలుగు: ఎగుమతిదారుని లారీ మార్కెట్టుకు పోదు. ఒక్కొక్క వాక్యమును తీసికొని, “ఇది నిజమై, తక్కినవానిలో ఏదియు భంగపడని లోక మొకటి ఉన్నదా?” అని అడుగవలెను. మొదటి రెంటికిని ఉన్నది: ఎగుమతితో సంబంధము లేని, గడ్డి పరచిన, మార్కెట్టుకు పోవు సామాన్యపు లారీ. మూడవ, నాలుగవ వాక్యములకు అట్టి లోకము లేదు. ఎగుమతి లారీ వచ్చినచో ఒకటవ వాక్యమైనను భంగపడవలెను, లేక మూడు నాలుగులలో ఒకటైనను భంగపడవలెను. కావున మొదటి రెండును అడుగు పొర. చివరి రెండును పై పొర. పై పొరలోని వాక్యమును భంగపరచుట పెద్ద తప్పు, అడుగు పొరది చిన్న తప్పు. ఎగుమతి లారీ మార్కెట్టుకు పోవుననుట పెద్ద తప్పు. పోదనుట చిన్న తప్పు. కావున యంత్రము “పోదు” అనును. విశేషము సామాన్యమును గెలుచునని ఎవరును విడిగా చెప్పలేదు. పొరలనుండి అదియే వచ్చినది.

దీనిని సాఫ్ట్‌వేరుగా వ్రాయుటలో మొదటి అడ్డంకి సంఖ్య. ఇరువది సంగతు లున్నచో అవునుకాదులను కలిపి 10,48,576 లోకములు ఏర్పడును. ముప్పది ఐనచో అవి 107 కోట్లు దాటును. కావున నేర్పరియైన ప్రోగ్రాము లోకములను లెక్కింపదు. ఇచ్చిన వాక్యములు అన్నియు ఒకేసారి నిజము కాగలవా అని పరీక్షించు సాధకములు వేరుగా నున్నవి. వానికి ఒక్కొక్క ప్రశ్న వేయును. నూరు షరతులను పొరలుగా పేర్చుటకు అట్టి ప్రశ్నలు ఎంత ఎక్కువైనను 5,050 చాలును. అందు ఒక్కొక్కటి కష్టమైనదే కావచ్చును. కాని నేటి సాధకములు సామాన్యముగా త్వరగా సమాధానము చెప్పును.

రెండవ అడ్డంకి ఇంతకంటె లోతైనది. ఎగుమతి లారీలో గడ్డి పరచి ఉండునా అని ఈ యంత్రము నడిగినచో అది సమాధానము చెప్పలేదు. మార్కెట్టు విషయమున ఒకటవ వాక్యము భంగపడగానే అడుగు పొర యంతయు మునిగిపోవును. గడ్డిని గూర్చిన వాక్యము ఏ తప్పును చేయకయే దానితో మునుగును. పండితులు దీనికి మునక సమస్య యని పేరు పెట్టిరి. పొరలో ఎన్ని వాక్యములు భంగపడినవో లెక్కపెట్టు పద్ధతి నొకదానిని 1995లో లేమన్ చూపెను. అపుడు గడ్డి ఉన్న లారీకి ఒక తప్పు, లేని లారీకి రెండు తప్పులు. కావున గడ్డి ఉండుననియే తేలును. జర్మనీలో గాబ్రియేలె కెర్న్-ఇస్బెర్నర్ ప్రతి షరతునకు ప్రత్యేకపు తూకము నిచ్చు పద్ధతిని 2001లో ప్రకటించెను. దానిని లెక్కవేయు ప్రోగ్రాములును వచ్చినవి. ఈ పద్ధతుల లక్ష్య మొక్కటే: ఒక విషయమున వేరైనవానిని అన్ని విషయములలోను వెలివేయరాదు.

రద్దయిన కార్డులు

ఇదంతయు లారీల వినోదము కాదు. తెలంగాణలో రేషన్ కార్డుల అర్హతను తేల్చుటకు వేర్వేరు శాఖల పట్టికలను కంప్యూటరుచే సరిపోల్చు పద్ధతి వచ్చినది. కారున్నవాడు పేదవాడు కాడనుట ఒక షరతు. ఈ పట్టికలోని పేరును ఆ పట్టికలోని పేరును ఒకటైనచో మనిషి ఒకడే యనుట మరియొకటి. రెండును సామాన్యముగా నిజములే. రెంటికిని అపవాదములు కలవు. 2024లో వెలువడిన పత్రికా పరిశోధనలో, ఒక పేద కుటుంబపు పెద్దను అటువంటి పేరేగల వేరొక కారు యజమానిగా పొరబడిన సంగతి బయటపడెను. అంతకు ముందే, 2022 ఏప్రిలులో, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపుమని సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వమును ఆదేశించెను.

అచట వాడినది పొరల తర్కము కాదు, పోలికలు చూచు లెక్క. కాని గుణపాఠము ఈ శాస్త్రమునకు చెందినదే. అన్నంభట్టు భాషలో చెప్పినచో, గుమ్మములో నిలిచిన మనిషి బాధక ప్రమాణము. తాకి చూచిన వేలు వంటివాడు. డోయిల్ భాషలో చెప్పినచో, “వీడు ఆ పేరుగల వేరొకడు” అను సంగతికి రెండవ జాబితాలో చోటుండవలెను. ఆ చోటు లేని ప్రోగ్రాములో షరతు కాస్తా శాసనమగును. నిర్ణయము ప్రక్కన కారణము వ్రాసి లేకపోయినచో, తప్పు తెలిసిన గుమాస్తాకు కూడ దేనిని తుడువవలెనో తెలియదు.

మాట మార్చువానిని లోకము నమ్మదు. అది మనుష్యుల విషయమున న్యాయమే. కాని ఎందుకు అన్నాడో, ఎందుకు మార్చుకొన్నాడో చెప్పగలిగినవాని మాటకు ఎల్లప్పుడును విలువ కలదు. మార్కెట్టు తరలిపోయిన నాడు ఎల్‌బీ నగర్ కూడలిలోని టీ అమ్మువాడు ఆ రెండును చెప్పగలిగెను. యంత్రము నుండి కోరవలసినదియు అంతే.